కమలాపండుకు కట్టిన కాగితం

కాగితం ఎర్రగా ఉంది, మా జమ్మలమడుగులో పెళ్ళి పత్రికల కవర్లకు వాడే ఎరుపు. దాని మీద మూడు గళ్ళు, పేరుకు ఒకటి, పుట్టిన తేదీకి ఒకటి, కోరికకు ఒకటి. మొదటి రెండూ నింపి పావుగంటయింది. దేవపాలు అని రాశాను, జూలై ఒకటి అని రాశాను. నేను ఆ రోజు పుట్టలేదు, అది నన్ను బళ్ళో చేర్చుకున్న మేష్టారు వేసిన తేదీ. తర్వాత నేనూ మేష్టర్నయి ముప్పై ఆరేళ్ళలో ఎంతమంది పిల్లలకు అదే తేదీ వేశానో లెక్కలేదు, తొండూరు మండలంలో సగం మంది నా చేతుల మీదుగా జూలై ఒకటినే పుట్టారు, ఆ సంగతి హాంకాంగ్‌లో ఉన్న ఈ చెట్టుకు తెలియకపోతే వచ్చే నష్టమేమీ లేదు. మూడో గడి ఖాళీ. అందులో ఏం రాయాలో నాకు తెలుసు. నన్ను నాగవేణి పక్కన పెట్టాలి. రెండేళ్ళుగా నా కోరిక ఇదొక్కటే. కానీ ఆ చోటు ఇవ్వవలసింది చెట్టు కాదు, రామసుబ్బయ్య. ఆ రామసుబ్బయ్య నాకు పదడుగుల దూరంలో నీలం టోపీ పెట్టుకుని, సన్నటి తుంపరలో నిలబడి, చేతిలోని ప్లాస్టిక్ కమలాపండును గోటితో గిల్లి చూస్తున్నాడు.

నాగవేణి నా భార్య. రామసుబ్బయ్య ఆమె తమ్ముడు. పోయినాక ఆమెను తొండూరు పక్కన వాళ్ళ చీనితోటలో, అంటే బత్తాయి తోటలో, మూడో వరస చివర పెట్టాం. రామసుబ్బయ్యకు ఆ తోట కాక వేంపల్లెలో డ్రిప్పు పైపుల అంగడి ఉంది, ఏడాదిలో ఇన్ని పైపులు అమ్మితే ఇద్దరికి హాంకాంగ్ అని కంపెనీవాళ్ళు అన్నారు, అతను అమ్మాడు, రెండో టికెట్టు భార్య గోవిందమ్మది. ఆమె రానంది. అన్నేసి గంటలు గాల్లో కూచునేకి నేనేమన్నా కొంగనా, నా గొర్రెలకు మేత ఎవురేస్తారు, సారును తోడకపో, ఇంగ్లీషొస్తాది, దావ తప్పకుండా వస్తావు అంది. ఆ మాట ఫోన్లో వినగానే, అమ్మయ్య, విమానంలో పక్కపక్కన కూర్చుంటాం, అప్పుడు అడగవచ్చు అనుకున్నాను. విమానంలో అతను నిద్రపోయాడు. మొదటి రోజు పడవలో అడుగుదామనుకుంటే అతనికి వాంతులు. రెండో రోజు కొండ మీదికి తీగల బండిలో పోయేటప్పుడు ఇద్దరమే ఉన్నాం, ఇరవై నిమిషాలు, కింద సముద్రం, పైన మబ్బు, అంతకన్న మంచి చోటు ఎవరికి దొరుకుతుంది. నేను గొంతు సవరించుకుని, రామసుబ్బయ్యా, ఈ తీగ ఎన్ని టన్నులు ఆపుతుందంటావు అని అడిగాను. నాలుగు రోజులు అట్లా గడిచాయి. రేపు తెల్లవారితే తిరుగు విమానం, ఆ తర్వాత అతను వేంపల్లెలో, నేను జమ్మలమడుగులో, మధ్యలో ఫోను. ఇటువంటి మాట ఫోన్లో అడిగేది కాదు.

"బావా, ఈ చెట్టుకి వేరుకుళ్ళు రాదు, మంగు పట్టదు, బోరెండినా సావదు. మనమే పిచ్చోళ్ళం, మట్టిలో పెట్టి ఏడుస్తాండాం," అన్నాడు రామసుబ్బయ్య, పండును నా వైపు చూపించి.

నిజమే, అతను చూస్తున్న చెట్టు చెట్టు కాదు. అసలు చెట్టు అటు పక్కన కంచెలో ఉంది, శానా ముసలిది, కొమ్మలన్నిటికీ కింద ఇనప ఊతలు పెట్టి నిలబెట్టారు. జనం ఏళ్ళ తరబడి దాని మీదికి పండ్లూ కాగితాలూ విసిరి విసిరి బరువుకు ఒక కొమ్మ విరిగిందట, అప్పటినుంచి దానికి విశ్రాంతి ఇచ్చి పక్కన ఈ ప్లాస్టిక్ చెట్టు పెట్టారట, విసిరేవాళ్ళు దీని మీదికి విసురుకోవచ్చు. ఈ మాట మా గైడు అమ్మాయి చిన్న జెండా ఊపుతూ చెప్పింది, నేను మా కంపెనీ టూరు ముప్పై ఆరు మంది నీలం టోపీలకు తెలుగులో చెప్పాను. కోరిక కాగితం మీద రాయాలి, చుట్టి దారంతో కమలాపండుకు కట్టాలి, కొమ్మల్లోకి విసరాలి, చిక్కుకుంటే నెరవేరుతుంది, ఎంత పైన చిక్కుకుంటే అంత తొందరగా. గంట టైము ఇచ్చింది. ఒక చెట్టు అడిగినవాళ్ళందరి బరువూ మోసి విరిగితే, దాన్ని కొట్టెయ్యకుండా ఊతలు పెట్టి పక్కన కూర్చోబెట్టుకోవడం నాకు నచ్చింది, రిటైరయిన మేష్టరికి ఇంతకన్న ఏం కావాలి అనిపించింది.

మా సంఘంలో ఇటువంటివి ఒప్పుకోరు. చెట్టుకు కట్టడం, గుడ్డ ముడెయ్యడం, దిష్టి తియ్యడం, అన్నీ విడిచిపెట్టి మా ముత్తాత బాప్తిస్మం తీసుకున్నాడు, మా నాయన ఆ సంగతి ప్రతి ఆదివారం చెప్పేవాడు. పాల్ రాజు, మా సంఘపెద్ద, నాకు చిన్నప్పటి స్నేహితుడు, ఇప్పుడు నన్ను చూస్తే ఏమంటాడు? ప్లాస్టిక్‌దే కదయ్యా అంటాను. ప్లాస్టిక్‌కు మొక్కినా మొక్కే కదా అంటాడు. కాదు పాల్ రాజూ, నేను మొక్కడం లేదు, నాకు అడగడం చేతకాదు, చేత్తో రాసి చూస్తే నోటికొస్తుందేమో అని రాస్తున్నాను, పిల్లలకు సూత్రం రాకపోతే నాలుగుసార్లు రాయించేవాణ్ణి కదా. ఇంత చెప్పినా పాల్ రాజు నవ్వుతాడు, ఎందుకంటే అడగడం విషయంలో నేనెట్లాంటివాణ్ణో అతనికి తెలుసు.

ఎవరో పిల్ల విసిరిన పండు నా చెప్పుల దగ్గర పడి దొర్లింది. తీసి ఇచ్చాను. ఎనిమిదేళ్ళుంటాయి ఆ పిల్లకు, మళ్ళీ విసిరింది, మళ్ళీ కింద పడింది, చెయ్యి భుజం నుంచి కాక మోచేతి నుంచి వస్తోంది. నాకు విసరడం రాదు గాని విసరడం చూసి ఎవరు ఎట్లాంటి చెయ్యో చెప్పగలను, అది నాగవేణిని చూసి నేర్చుకున్నది. తొండూరు హైస్కూల్లో చేరిన కొత్త, సాయంత్రం సైకిల్ మీద వస్తుంటే దారంతా గొర్రెలు, వాటి వెనక ఎక్కడో ఒక పిల్ల, తల మీద తువాలు, చేతిలో వడిసెల. తిప్పింది, గాలి బుయ్యిమంది, రాయి నా తల మీదుగా పోయి ముందు చేలోకి దిగుతున్న మేకపోతుకు జానెడు ముందర పడింది, మేకపోతు తల తిప్పుకుని చేను వదిలి దారికి వచ్చింది. తగిలుంటే అన్నాను. తగిలేటట్టు ఏస్తే తగిలుండేది అంది. అదే ఆమె నాతో అన్న మొదటి మాట, ముప్పై తొమ్మిదేళ్ళ కాపురంలో ఆమె మాటలన్నీ ఇంచుమించు అట్లాగే ఉన్నాయి, తగలకూడనివి తగలకుండానే వేసింది, తగలవలసినప్పుడు తగిలింది.

పెళ్ళి మాట కూడా ఆమే అడిగింది. ఏడాదిపాటు నేను దారి మార్చకుండా అదే దారిన పోయాను, ఆమె గొర్రెలను అదే దారిన తోలింది, అంతకు మించి నేనేమీ చెయ్యలేదు. ఒకరోజు సైకిల్ హ్యాండిల్ పట్టుకుని, మా నాయిన వేంపల్లె సమ్మంధం తెచ్చినాడు, ఊ అనేదా ఊహూ అనేదా, నువ్వు చెప్పు అంది. నేను నోరు తెరిచాను, మాట రాలేదు, సరే ఊహూ అంటా అని తనే చెప్పి వెళ్ళిపోయింది. పులివెందుల రిజిస్ట్రారాఫీసులో సంతకాలు పెట్టాం. వాళ్ళ నాయన మూడేళ్ళు మాట్లాడలేదు. రామసుబ్బయ్య అప్పుడు తొమ్మిదో తరగతి, నా క్లాసే, వాళ్ళ నాయన ఇంట్లో నా పేరెత్తవద్దన్నాడని, హాజరు పిలిస్తే ప్రెజెంట్ సార్ అనేది కూడా మానేసి చెయ్యి మాత్రం ఎత్తేవాడు. కోపం తగ్గడం మొదలైన రోజు నాకు తెలుసు, హాజరు పిలిచాను, ప్రెజెంట్ బావా అన్నాడు, క్లాసంతా నవ్వింది, నేను బోర్డు వైపు తిరిగి ఏదో రాసుకున్నాను, తిరిగి చూస్తే ఆ రోజు పాఠంతో సంబంధం లేని సమీకరణం.

వాన కొంచెం చిక్కబడింది. కాగితం మీద ఒక చుక్క పడి నా పేరులో దీర్ఘం పాకింది. అంతలో నా తల మీద వాన ఆగింది, చూస్తే పక్క బెంచీ మీద కూర్చున్న ముసలామె, ఈ ఊరామే, తన గొడుగును కొంచెం నా వైపుకు వంచింది. నా మొహం వైపు చూడలేదు, పలకరించలేదు, తన కాగితం తను రాసుకుంటూనే చెయ్యి మాత్రం ఇటు జరిపింది, ఆమె ఎడమ భుజం తడుస్తోంది. ఆసుపత్రిలో నాగవేణి చివరి నెలలో ఇట్లాగే, పక్క మంచం రోగి చెల్లెలు సైదున్నీసా, మా వాళ్ళెవరో తనకు తెలియదు, రోజూ పొద్దున్నే ఫ్లాస్కు నిండా వేన్నీళ్ళు తెచ్చి మా బల్ల మీద పెట్టి వెళ్ళేది, థాంక్స్ అంటే వినకముందే వెళ్ళిపోయేది. అడక్కుండా ఇచ్చేవాళ్ళ మధ్య బతికాను, అందుకే అడగడం నేర్చుకోలేదేమో. ఇది నన్ను నేను వెనకేసుకొచ్చే మాట, సైన్సు మేష్టరికి ఆ మాత్రం తెలుసు.

నాగవేణిని బాప్తిస్మం తీసుకోమని నేను ఎప్పుడూ అడగలేదు. ఆమె ప్రతి ఆదివారం నాతో వచ్చేది, ఆడవాళ్ళ వైపు చివరి వరసలో ముసుగేసుకుని కూర్చునేది, కీర్తనలన్నీ మాటలు మింగి రాగం మాత్రం తియ్యగా పాడేది, ప్రభు భోజనం వేళకు లేచి వెనక తలుపు దగ్గర నిలబడేది. పాస్టరు అయ్యగార్లు మారినప్పుడల్లా కొత్తాయన నన్ను పక్కకు పిలిచి, అమ్మగారి సంగతి ఏమిటి సార్ అనేవాడు. ఆమె ఇష్టమండీ అనేవాణ్ణి. ఆ మాట అనడంలో నాకు ఒక సంతోషం ఉండేది, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, నేను అందరిలాంటి మొగుణ్ణి కాదనే సంతోషం. ఆసుపత్రిలో ఒక మధ్యాహ్నం, రామసుబ్బయ్య పంపిన చీనిపండు ఒలిచి తొనలు ఇస్తున్నాను, తింటూ తింటూ అంది. నువ్వు ఒకసారన్నా అడుగుతావేమో అని చూస్తి. ఏంది అన్నాను. గుళ్ళో ప్రభు భోజనానికి నీ పక్కకు రమ్మని. అడిగింటే వచ్చేదానివా అన్నాను. యామో, నాకేం తెలుసు, అడిగింటే కదా తెలిసేది అంది, అని నవ్వింది, ఇంకో తొన పెట్టు అంది. కోపం లేదు ఆ నవ్వులో. అందుకే అది ఇంకా తగులుతూనే ఉంది.

పోయినాక కూడా నేను అడగలేదు. మా సమాధుల తోటలో సభ్యులకే చోటు, అది రాసిపెట్టిన నియమం, అయినా కమిటీని ఒక్కమాట అడుగు సార్, కాదనరు, నీ మొహం చూసి ఇస్తారు అని పాల్ రాజు ఆ రోజు నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. కూతురు రెబెకా కలమల్ల నుంచి వచ్చి నా మొహంలోకి చూస్తోంది, నాయనా చెప్పు, ఏం చేద్దాం. వాకిట్లో అందరూ ఎదురుచూస్తున్నారు. అప్పుడు రామసుబ్బయ్య లేచి, మా చేన్లో పెడదాం బావా అన్నాడు, నేను తల ఊపాను. కమిటీ తప్పు లేదు, రామసుబ్బయ్య తప్పు లేదు, అడిగినవాళ్ళకు అడిగింది దొరికింది. నాకు మాత్రం జమ్మలమడుగులో మా నాయన పక్కన చోటు ఉంది, ఆమె నలభై మైళ్ళ అవతల మూడో వరస చివర ఉంది. నెలకోసారి బస్సెక్కి పులివెందులలో దిగి తొండూరు ఆటో ఎక్కి పోతాను, అరగంట కూర్చుంటాను, గోవిందమ్మ సంగటి పెడుతుంది, తింటాను, వస్తాను. ప్రతిసారీ తిరుగు బస్సులో అనుకుంటాను, ఈసారి అడుగుతాను. అది అతని పొలం. వాళ్ళ నాయన, తాత, వాళ్ళ వాళ్ళందరూ ఉన్న నేల. పిలవకుండా అందులో పండుకోబోయే నేను ఎవరిని? కాదంటే? కాదనడు. మొహమాటానికి ఊ అంటే? అది ఇంకా కష్టం.

ముసలామె రాయడం ముగించి లేచింది. గొడుగు పోతుందనే తొందరలోనే అనుకుంటాను, మూడో గడిలో రాసేశాను. తెలుగులోనే రాశాను. రాసింది చూసుకుంటే ఏమంత పెద్దగా లేదు, ఒక వాక్యం. ఆమె నా కాగితం వైపు చూసి, గుండ్రటి అక్షరాలు చూసి, తల ఆడించి, తన పండు పట్టుకుని పోయింది. చుట్టి దారం కట్టాను. చెట్టు దగ్గరికి పోయి విసిరాను. అది కొమ్మల దాకా పోనేలేదు, ముందు నిలబడ్డ ప్రొద్దుటూరు డీలరు కమాల్ బాషా వీపుకు తగిలింది.

"సారూ, నేను చెట్టును కాదు. నన్నేమీ కోరుకోవాకండి, మా ఇంట్లోనే శానామంది కోరుకుంటాండారు," అన్నాడు అతను, పండు తీసి తుడిచి ఇస్తూ.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. రెండోసారి ఇంకా తక్కువ దూరం పోయింది. "ఇట్లియ్యి బావా," అని రామసుబ్బయ్య నా చేతిలోంచి లాక్కున్నాడు. వద్దు, నేనే అనబోయాను. అప్పటికే దారం కొన వేలికి చుట్టుకున్నాడు, పండును పక్కన వేలాడేసి ఒకసారి, రెండుసార్లు తిప్పాడు, గాలి బుయ్యిమంది. వదిలాడు. అది పైకి, అందరి కాగితాల కన్నా పైకి పోయి, చిట్టచివరి కొమ్మకు రెండు చుట్లు చుట్టుకుని ఆగింది. నీలం టోపీలన్నీ చప్పట్లు కొట్టాయి. ముసలామె కూడా గొడుగు చంకలో పెట్టుకుని కొట్టింది.

రామసుబ్బయ్య భుజం రుద్దుకుంటూ నా పక్కకొచ్చాడు. "ఇంతకీ ఏం రాసినావు?"

అందరూ బాగుండాలని రాశానన్నాను.

"అది రాసేకి ముప్పావు గంటా? తొమ్మిదో తరగతిలో నేను కాపీ కొడితే నా మొగం జూసి కనుక్కుంటాంటివి. ఇప్పుడు నీ మొగం నేను జూస్తాండా."

బెంచీ తడిగా ఉంది, కూర్చున్నాను. అతనూ కూర్చున్నాడు. నేను చెట్టు వైపు చూస్తూ చెప్పాను. "నేను పోయినాక మీ చేన్లో, మీ అక్క పక్కన పెట్టాలని."

రామసుబ్బయ్య టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఎదురుగా ఆ పిల్ల మళ్ళీ విసిరింది, మళ్ళీ పడింది.

"ఆ మాట చెట్టుకి రాసినావా," అన్నాడు.

"ఊ."

"పాసుబుక్కులో నా పేరుండాది. చెట్టు పేరు యాడుంది?"

"అందుకే ఇప్పుడు నిన్ను అడుగుతున్నాను," అన్నాను. మాట బయటికొచ్చింది, నా చెవులతో నేనే విన్నాను.

"అక్క అంటాండె. ఆయప్ప నోరు తెరిచి అడిగిన దినం వానొస్తాదిరా అని," అన్నాడు. వాన వైపు చూశాడు. ముక్కు చీదాడు. "మీ సంఘమోళ్ళు ఒప్పుకుంటారా?"

"వాళ్ళనూ అడగాలి. రెబెకాను అడగాలి."

"అందర్నీ నువ్వే?"

"నేనే."

"పాటలు పాడుకుంటా ఒక బస్సు జనం వస్తారు గదా. రానీలే. గోవిందమ్మ వండుతాది. మైకు మటుకు పెట్టొద్దని చెప్పు, గొర్రెలు బెదురుతాయి. శిలువ పెడతారా?"

"పెడతారు."

"ఎంత ఎత్తు? మందుగొట్టే ట్రాక్టరు ఆడ్నే మలుపుకోవాల."

చేత్తో చూపించాను. అతను నా చెయ్యి పట్టుకుని ఇంకొంచెం కిందికి దించాడు, సరిగ్గా మోకాలి ఎత్తుకు, అక్కడ ఆపాడు, కాసేపు వదల్లేదు.

"ఆ పక్క నేల శానా గట్టి బావా. అక్కకి తవ్వేటప్పుడు రెండు గడ్డపారలు వంగినాయి. జేసీబీతో తవ్వించడం నాకు ఇష్టం ల్యా. నీకైతే నేనే తవ్వాల." భుజం మళ్ళీ రుద్దుకున్నాడు. "వచ్చేదుంటే నా చెయ్యి ఆడేటప్పుడే రావాల." టోపీ పెట్టుకుంటూ అన్నాడు, "తొందరేం ల్యా. ఉప్పుడే అని కాదు నేననేది."

గైడు అమ్మాయి జెండా ఊపుతోంది. మా వాళ్ళు బస్సు వైపు కదిలారు. నేను లేవబోతే మోకాలు పట్టుకుంది, రామసుబ్బయ్య చెయ్యి ఇచ్చాడు, లేచాను. బస్సు మెట్ల దగ్గర ఆగాను. నాలుగు రోజులుగా ఎక్కడికి పోయినా కిటికీ పక్క సీటు అతనిదే, నాకు మధ్య దారిలో మనుషుల మోచేతులు.

"రామసుబ్బయ్యా."

"ఇంగేంది?"

"కిటికీ పక్కన నేను కూర్చుంటాను."

అతను మెట్టు మీద నిలబడి నన్ను తేరిపార చూశాడు. వెనకున్నవాళ్ళు తడుస్తూ, ఎక్కప్పా ఎక్కు అంటున్నారు.

"అడిగేది నేర్పింది తప్పయిపాయ," అన్నాడు, అని పక్కకు తొలిగి నన్ను ముందు ఎక్కనిచ్చాడు.